లోపలి కుట్టు

జీన్సు ముందు చిరిగేది ఎప్పుడూ అక్కడే,
రెండు తొడలూ ఒకదాన్నొకటి ఒరుసుకునే చోట.
నడుముకు సరిపోయింది తొడకెక్కదు,
తొడకెక్కింది నడుము దగ్గర
సంచి మూతిలా నోరు తెరుచుకుంటుంది.
పదిహేనేళ్ళుగా ఇదే అద్దం,
ఇదే ఊపిరి బిగబట్టడం.

వాల్‌పరైసో కొండల మీద ఉత్తరాలు పంచుతాను.
ఇక్కడ వీధులు నడవవు, ఎక్కుతాయి.
నా వాటా కొండకి నా లెక్కన
ఐదువందల పన్నెండు మెట్లు,
పగిలినవి కూడా కలిపి.
భుజాన సంచి,
సంచిలో కరెంటు బిల్లులు, కోర్టు నోటీసులు,
ఎప్పుడైనా ఒకటి, చేత్తో రాసిన చిరునామా.
కుక్కలన్నిటికీ నా అడుగు తెలుసు.

మేనత్త కొడుకు రోసమెల్ పెళ్ళిలో
నీలం గౌను వేసుకుని కూర్చుంటే
బల్లకి అవతల నుంచి అడిగాడు వాడు:
"ఏ జట్టుకి ఆడుతున్నావు, మిరేయా? డిఫెన్సా?"
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
నవ్వి నవ్వి వాడు తొడ చరుచుకున్నాడు.
వాడి తొడ చరుచుకోవడానికి,
నాది బల్లగుడ్డ కింద దాచుకోవడానికి.

ఆ రాత్రే మొదలుపెట్టాను.
రొట్టె మానేశాను. అవకాడో మానేశాను.
కొవ్వయితే కరుగుతుంది,
ఇది కండ, దీన్నేం చెయ్యాలి?
కడుపు మాడిస్తే ముందు మొహం పీక్కుపోయింది,
తర్వాత రొమ్ములు, ఆ తర్వాత ఓపిక.
తొడలు మాత్రం
అద్దె కట్టని కిరాయిదారుల్లా కదల్లేదు.

వాడకపోతే తగ్గుతాయని ఎవరో అన్నారు.
గ్లాదిస్‌తో రూటు మార్చుకున్నాను.
ఆమెకు కొండ, నాకు కింద రేవు పక్క చదును:
బ్యాంకులు, ఓడల ఆఫీసులు, లిఫ్టులు.
ఏడు వారాలు లిఫ్టులో నిలబడి
నాకు బదులు అంకెలు పైకెక్కడం చూశాను.
రాత్రి కాగానే టేపు.
అరవై రెండు.
అరవై రెండు.
అరవై ఒకటిన్నర.
ఆ అర సెంటీమీటరుకి ఏడ్చాను, ఎందుకో.

అమ్మ తలుపు సందులోంచి చూసింది.
"మా అమ్మవే ఇవి, అచ్చం.
చేపల బుట్ట నెత్తినెట్టుకుని అదే కొండ ఎక్కేది."
కాసేపాగి,
"ఎంతుండేవో తెలీదు. కొలిచే తీరికేదీ దానికి."
ఓదార్పో దెప్పో
ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఎనిమిదో వారం గ్లాదిస్ మోకాలు వాచింది.
నా కొండ నాకు తిరిగొచ్చింది.
మూడువందల మెట్టు దగ్గర ఆగిపోయాను,
ఎన్నడూ ఆగని చోట.
గుండె చెవుల్లో కొట్టుకుంటోంది.
కాళ్ళు వణుకుతున్నాయి,
అప్పుడే ఈనిన దూడ కాళ్ళలా.
కింద రేవులో క్రేన్లు,
ఒక్కొక్కటీ డబ్బానెత్తి ఓడలో పెడుతున్నాయి,
వాటి కాళ్ళ లావు గురించి ఎవరూ ఏమీ అనడం లేదు.
మెట్టు మీద కూలబడి
రెండు చేతుల్తో రెండు తొడల్నీ పట్టుకున్నాను.
టేపు లేకుండా పట్టుకోవడం అదే మొదలు.
వేడిగా ఉన్నాయి.
క్షమించమనబోయి
కిటికీలో ఎవరో ఉన్నారని మానేశాను.

పైన దోన్యా ఒర్తెన్సియా గేటు పట్టుకుని నిలబడి ఉంది.
"ఇన్నాళ్ళూ వచ్చినావిడ
నా కాగితాలు కింది కొట్లోనే పడేసేది," అంది.
నా మొహం చూసి నీళ్ళిచ్చింది.
ఆవిడకి నేను తెచ్చింది నీళ్ళ బిల్లు.

శనివారం జీన్సు కుట్టుపని ఆవిడ దగ్గరికి పట్టుకెళ్ళాను.
లోపలి కుట్టు విప్పి చూసి
"గుడ్డ చాల్లేదు, అంతే," అంది,
సూది పళ్ళ మధ్య పెట్టుకుని.
రంగు కలిసే ముక్క దొరకలేదు,
రెండు వేళ్ళ వెడల్పున నల్లది వేసింది.
బయటికి కనపడదట.
కనపడుతుంది, మెట్లెక్కేటప్పుడు.

ఇంటికొచ్చి వేసుకున్నాను.
అలవాటుగా ఊపిరి బిగబట్టాను,
బొత్తాం దానంతటదే పడింది.
బిగబట్టిన ఊపిరి
ఏం చెయ్యాలో తెలీక కాసేపు అలాగే ఉంది.

జనవరిలో బీచికి రమ్మని
చెల్లెలు రెండుసార్లు అడిగింది.
చూద్దాం అన్నాను.