బిస్కట్ డబ్బా అడుగున

జనవరి ముప్పై ఒకటి, ఆదివారం, సాయంత్రం ఆరున్నర.
హల్ నగరం మీద సన్నటి మంచుజల్లు.
బిస్కట్ డబ్బాని వంటింటి బల్ల మీద బోర్లించాను.
ఏడాదిపాటు మడిచి మడిచి కుక్కిన రసీదులు
ఊపిరాడినట్టు ఒక్కసారి విచ్చుకున్నాయి.

నేను పియానోలకు శ్రుతి చేసేవాణ్ని.
పేరు హెడ్లీ థ్రస్సెల్. సొంత పని, సొంత వ్యాను.
నా పైన యజమాని లేడని
పదహారేళ్లుగా గొప్పలు పోతూ వచ్చాను.
ఉన్నాడు. ఏడాదికి ఒక్క రాత్రి వస్తాడు.

వస్తూనే పాస్‌వర్డ్ అడిగాడు.
కుక్క పేరు కొట్టాను. కాదన్నాడు.
దానికి ముందు చచ్చిపోయిన కుక్క పేరు కొట్టాను.
ఇంకొక్కసారే, ఆ పైన తలుపు మూసేస్తానన్నాడు.
బతిమాలితే ఫోనుకు ఆరంకెలు పంపానన్నాడు.
ఫోను వ్యానులో ఉంది. వ్యాను వీధి చివర ఉంది.
ఇంటి చెప్పుల్తోనే మంచు తొక్కుకుంటూ తెచ్చేసరికి
అంకెలకు ఆయువు తీరిపోయింది.

ఎనిమిదింటికి లోపలికి రానిచ్చాడు.

పెట్రోలు రసీదులు సగం తెల్లబడిపోయాయి.
దీపానికి అడ్డం పెట్టి చూస్తే
ఎక్కడో ఏడంకె తోక, ఒక తేదీ నీడ.
ఇరవై ఏడో నలభై ఏడో దేవుడికెరుక.
డైరీలో జూన్ నెల మైళ్ల పద్దు మీద
మా టామ్సిన్ ఆక్టోపస్ బొమ్మ గీసింది,
ఒక కాలు బెవర్లీలో, ఒక కాలు హార్న్‌సీలో,
మిగతా ఆరూ ఎక్కడున్నాయో నాకే తెలియదు.
కాకిలెక్కలు విన్నాం గానీ
ఇది దానికి మేనత్త.

విథర్న్‌సీలో మిసెస్ గార్బట్ ఉంది.
సముద్రం మీదే పోయిన మొగుడు వాయించిన పియానో,
ఉప్పుగాలికి తీగలన్నీ తుప్పు.
మూడు గంటలు కూర్చుని దారికి తెచ్చాను.
డబ్బుకు బదులు రెండు హాడాక్ చేపలు,
ఒక సీసాడు బీట్‌రూట్ ఊరగాయ చేతిలో పెట్టింది.
ఇది రాబడా? రాబడే అయితే ఏ గడిలో?
చేపల గడి లేదు. చాలాసేపు వెతికాను.
చివరికి పన్నెండు పౌండ్లని రాసి,
ఊరగాయని వదిలేసి,
మళ్లీ భయమేసి ఇంకో రెండు కలిపాను.

పది దాటింది.
బాయిలర్ మోగుతోంది, బి ఫ్లాట్‌కు వెంట్రుకవాసి కింద.
ఇన్నేళ్లూ ఎలా భరించానో!
ఎన్నిసార్లు కూడినా నాలుగు పౌండ్లు తేడా.
రెండు నిమిషాల్లో కదలకపోతే బయటికి పంపేస్తానన్నాడు.
కదిలాను. ఏం చేస్తున్నానో తెలియకుండానే
తెర మీది బాణాన్ని అటూ ఇటూ తిప్పుతూ
కదులుతూనే ఉన్నాను.
పైన టామ్సిన్ దగ్గుతోంది.

ఆఖరి పుట:
పైన ఇచ్చినదంతా నిజమనీ, సమగ్రమనీ ఒప్పుకోవాలి.
వేలు ఆగింది.

శ్రుతి చేసేవాళ్లం పైకి చెప్పని సంగతి ఒకటుంది.
ఏ పియానోలోనూ ఏ పంచమమూ నిక్కం కాదు.
ఒక్కొక్కదాన్నీ చెవికి చిక్కనంత తగ్గించి
ఆ తప్పుని పన్నెండు మెట్లకూ సమంగా పంచుతాం.
అలా పంచితేనే ఏ పాటైనా పలుకుతుంది.
నలభై ఏడు పౌండ్ల పెట్రోలు,
పద్నాలుగు పౌండ్ల చేపా ఊరగాయా,
ఎనిమిది కాళ్ల మీద నడిచిన మైళ్లు...
టిక్కు పెట్టాను.

పదకొండూ నలభై ఒకటి. అందిందన్నాడు.
ఆ కిందే, చిన్న అక్షరాల్లో కూడా కాదు:
కట్టవలసింది పద్దెనిమిది వందల ఆరు.
వచ్చే ఏడాది కోసం ముందుగానే
ఇంకో తొమ్మిది వందల మూడు.
గడువు ఈ రాత్రే.
ఇంకా ముట్టుకోని పియానోలకు పన్ను!
ఇంకా సముద్రంలోనే ఈదుతున్న హాడాక్‌కు కూడా.

బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చి పంపాను.
తక్కినదానికి రేపు పొద్దున్నే
ఫోన్లో ఎవరి కాళ్లో పట్టుకోవాలి.

రసీదుల్ని మళ్లీ డబ్బాలోకి తోస్తుంటే
అడుగున మూలకు అతుక్కుని ఒక అల్లం బిస్కట్.
ఏ సంవత్సరపు పద్దో.
మెత్తబడిపోయింది.
తినేశాను.