నాలుగు తరవాత

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
మే నెల రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ పేలింది.
యూపీఎస్ కుయ్‌మని ఒక్క కేక వేసి
ఊపిరి వదిలేసింది.

కరెంటొచ్చింది గానీ
నా డేటాబేసు తెరుచుకోలేదు.
అరవై వేల టిక్కీల మిరప,
ఏ రైతుది ఏ అంతస్తులో ఏ అరలో,
అన్నీ ఒకే పెట్టెలో సర్ది
తాళంచెవి కూడా లోపలే పెట్టి మూసినట్టున్నాను.
"ఫైలు దెబ్బతింది" అంటుంది తెర.
ఎక్కడో చెప్పదు, ఎంతో చెప్పదు.
బ్యాకప్పు సంగతి అడక్కండి.
ఉంది. అదే మిషన్లో.

గుమాస్తా ఏసుపాదం నన్నేమీ అనలేదు.
మూడేళ్లుగా నేను నవ్వుతున్న నోట్‌ప్యాడ్ తెరిచాడు.
లారీకో వరస,
కామాలైనా లేవు, మధ్యలో ఖాళీలే.
డిస్కు కొరికిన చోట
అయిదారు వరసలు డబ్బాలు డబ్బాలుగా మారిపోయాయి.
వాటి పైవీ, కిందవీ
ఏమీ ఎరగనట్టు తెలుగులోనే ఉన్నాయి.
ఎలక కొట్టిన చిట్టా
మిగిలినంత మేరా చిట్టాయే.

కిందికి, ఇంకా కిందికి జరిపాడు.
చిట్టచివర:
చేకూరి సైదమ్మ పెదనందిపాడు తేజా టిక్కీలు 4

నాలుగు తరవాత చీకటి.
నాలుగేనా? నలభయ్యా? నాలుగొందల పైనా?

నా డేటాబేసైతే సగం మాట రాయదు.
రాస్తే మొత్తం, లేదా అసలు రానట్టే.
ఆ నియమమంటే నాకు గర్వం.
ఇప్పుడదే నియమం
అరవై వేల టిక్కీల మీద నోరు మూసుకు కూర్చుంది.

"సైదమ్మకి ఫోను చేద్దామా?"
"చేస్తే తెల్లారేసరికి యార్డంతా తెలుస్తుంది,
మన దగ్గర లెక్క లేదని."

గోనెలు కప్పుకుని లోపలికెళ్లాం.
చలికి దంతాలు, ఘాటుకి గొంతులు.
ఆయన తడుముతూ పైకి లెక్కపెడుతుంటే
నేను సెల్‌ఫోను వెలుగు పట్టాను,
మూడేళ్లలో మొదటిసారి
నా సరుకుని చేత్తో ముట్టుకుంటూ.

ఏసుపాదం తిరిగొచ్చి
తెగిన చోటే కర్సరు పెట్టాడు.
నాలుగు పక్కన మూడు కొట్టాడు.
ఆగి, వాళ్ల నాన్న రోకడ్లో రాసేవాడట,
ఇంకో ముక్క చేర్చాడు:

అక్షరాలా నలభై మూడు.

ఇన్నాళ్లూ ఆ మాట
వట్టి చాదస్తం అనుకున్నాను.