పంపు కాలిపోయాక

పంపు కాలిపోయిన పదకొండో రోజుకి
సైనిక్‌పురి వానల్లో మా పెరటి ఈతకొలను
పాలకూర పప్పు రంగుకొచ్చింది.
రెండో మెట్టు ఎక్కడుందో
కాలిక్కూడా తెలియదు.

మైసయ్య గట్టున గొంతుక్కూర్చుని
వేలు ముంచి వాసన చూశాడు.
"లేత పచ్చప్పుడే పిలవాలె మేడం,
ఇప్పుడైతే నాట్లేసుకోవచ్చు."

ముందు గోడలు రుద్దాలట.
ఊరికే మందు పోస్తే
నాచు జిగురు కప్పుకుని నవ్వుతుందట.
బ్రష్షు గీసిన చోటల్లా
పచ్చటి పొగ లేచి
తీరిగ్గా మళ్ళీ కూర్చుంది.

క్లోరిన్ డబ్బా మూత తీసినవాడు
ఆగాడు.
"తోకకప్పలున్నయ్."
చాయ్ జాలీ అడిగాడు, ఇచ్చాను.
గంటన్నర ఇద్దరం వంగి ఏరాం,
బకెట్టు నల్లగా కదిలేదాకా.
కొన్ని చిక్కలేదు.
ఎన్నో తెలీదు. పొద్దుగూకుతోంది,
పోసేశాం.

రాత్రంతా కొత్త మోటారు గురక.
తెల్లారేసరికి పచ్చ చచ్చి
విరిగిన పాలలా అడుగంటింది.
వాక్యూమ్ గొట్టంతో దాన్ని లాగేస్తూ
అతను ఫిల్టరు ముల్లు చూస్తున్నాడు,
నేను ట్యాంకర్ వాడి నంబరు వెతుకుతున్నాను.

మూడోనాటికి,
అతను అడుగున వేసిన రూపాయి
బొమ్మో బొరుసో చెప్పగలిగాను.
"అయితే అయిపోయినట్టే," అన్నాడు.
ఆ నీలం నీళ్ళది కాదు, టైల్సుది.
ఇన్నేళ్ళూ తట్టనేలేదు నాకు.

బకెట్టు ఇంకా జామచెట్టు కిందే ఉంది.
ఒకదానికి వెనక కాళ్ళొచ్చాయి.
నీళ్ళు అంచుల్లో
కాస్త పచ్చబడ్డాయి.
మార్చలేదు.