వెంట్రుక మందం

కొవ్వొత్తి ముక్కంత రాయి.
మూడు కిలోమీటర్ల లోతు నుంచి
దూదిలో చుట్టుకుని, నంబరు వేసుకుని
ఉట్రెక్ట్‌లో నా బల్ల మీదికి వచ్చింది.
ఒకప్పుడు ఎడారి ఇసుక.

రాత్రంతా దానికి ఉప్పునీళ్లు తాగించాను.
ముందు గాలి లాగెయ్యాలి, తర్వాతే నీళ్లు.
తొందరపడితే ఏ మూలో బుడగ దాక్కుంటుంది,
లెక్కంతా అబద్ధమౌతుంది.
రబ్బరు తొడుగు వేసి, రెండు కొసలా తీగ బిగించి
అరచేయి మందం గోడలున్న ఉక్కు గొట్టంలోకి దింపాను.
చుట్టూ నూనె. నెత్తిన పిస్టన్.

ఇవాళ పక్కన హిల్యే బూర్సెమా ఉంది,
చర్చి ఆర్గన్లు బాగుచేసే మనిషి.
గ్రోనింగెన్ పొలాల మధ్య వాళ్ల ఊళ్లో
నేల ఊగినప్పుడల్లా
పాత గొట్టాలు శ్రుతి తప్పుతాయి.
"గ్యాస్ మీరు తోడుకున్నారు, నిచ్చెన నేనెక్కుతున్నాను"
అంది, కోటైనా విప్పకుండా.

మీరు అన్న మాట గుచ్చుకుంది.
నేను తోడలేదు.
పొద్దున కాఫీ కాచింది మాత్రం ఆ మంట మీదే.

ఏం చెప్పను, చూపించాను.
బయటి ఒత్తిడి ముల్లుని కదలనివ్వలేదు.
రాయి లోపలి నీటిని మాత్రం
వాల్వు విప్పి కొంచెం కొంచెంగా వదిలాను.
పైన గ్రాము బరువు పెరగలేదు.
అయినా రాయి కుంగింది.

"అదేంటి?"

సందుల్లో ఉన్నది ఊరికే కూర్చోలేదండీ,
కప్పుకి భుజం పట్టింది.
అది లేచిపోతే మోతంతా ఇసుక రేణువులదే.
మీ ఊరి కింద గ్యాస్, ఇక్కడ నీళ్లు.
ఎవరిదైతేనేం, భుజం భుజమే.

సెన్సర్లు పట్టిన చప్పుళ్లని
చెవికందేంత నిదానం చేసి హెడ్‌ఫోన్ ఇచ్చాను.
ఆమె కళ్లు మూసుకుంది.
మంగలంలో మొదటి పేలపు గింజ.
చాలాసేపు ఏమీ లేదు.
మళ్లీ రెండు.
తర్వాత దోసెడు.

"ఇందులో స్వరం లేదు" అంది.
"చిరగబోయే ముందు తిత్తి తోలు ఇలాగే అంటుంది."

వాల్వు తిప్పి నీళ్లు మళ్లీ నింపాను.
రాయి లేచింది, మొదటి ఎత్తుకి రాలేదు.
వెంట్రుక మందం లోపలే ఉండిపోయింది.
ఆ వెంట్రుక మందమే నా ఉద్యోగం.
ఆమెకి నలభై గొట్టాలు.

నాలుగుంబావుకి పిస్టన్ నొక్కాను.
తెర మీద గీత ఎక్కి, ఎక్కి,
ఏదో మర్చిపోయినట్టు వంగి
పడిపోయింది.
ఆమె హెడ్‌ఫోన్ అప్పటికే తీసేసింది.

తొడుగు కోసి చూస్తే తడిరాయి,
ఏటవాలుగా ఒకటే పగులు.
దాని వెంట గోరు నడిపి, వేలు నాలిక్కి ఆనించి
"ఉప్పు" అంది.
అయిదిరవై రైలు ఉందంటూ వెళ్లిపోయింది.

రాయిలా కూర్చున్నావేం అని
మనుషుల్ని అంటాం.

నోటుబుక్కులో తోలు చప్పుడు అని రాశాను.
కొట్టేశాను.
శబ్ద సంకేతాలు: రెండు వేల నాలుగు వందల పదకొండు, అని రాసి
బల్ల తుడవడానికి గుడ్డ తీశాను.
ఆమె వేలు ఆనిన చోట ఉప్పు
తెల్లగా గడ్డకట్టి ఉంది.
అంత మేర వదిలి తుడిచాను.