త కింద తావత్తు

దర్గా సర్కిల్ కాడ జబీవుల్లా అంగట్లో
పాత ఇనుం కింద తూకానికి పోవాల్సిన పెట్టె.
పదకొండు వందలకు బేరం కుదిరి
బెల్లం దిమ్మెను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని
ఆటోలో గిరింపేటకు తెచ్చినా.
ధనకోటి తలుపు తీసి
మనిషిని కాదు, పెట్టెను చూసింది:
"ఇది అన్నం తింటాదా?"
కరెంటు తింటాదని చెప్పలేదు.

పగలంతా నాది గుజ్జు ఫ్యాక్టరీ కాటా.
తోతాపురి ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా నిలబడుంటాయి.
నిండు బండి తూకం, ఖాళీ బండి తూకం,
రెండిటి నడుమ ఒక రైతు ఏడాది.
రాత్రి తొమ్మిదికి నా సొంత కాటా తెరుస్తా:
గోరంత పెన్‌డ్రైవ్‌లోకి ఒక లోకాన్ని ఎక్కించి
ఎఫ్ పన్నెండు నొక్కి ఊపిరి బిగబట్టడం.

మొదట ఉబుంటు.
పెండ్లివారు దిగినట్టు దిగింది,
ఉన్న రెండు జీబీలూ చాపలు పరుచుకుని అదే పండుకుంది.
మౌస్ కదిపితే బాణం
మొగిలి ఘాటెక్కే లోడు లారీ.
మింట్ మర్యాదస్తురాలు,
అన్నీ చేసింది, వైఫై ఒక్కటి తప్ప.
వైఫై రావాలంటే ముందు వైఫై కావాలంది,
తాళంచెవి లోపలే పెట్టి బీగమేసే మా మేనత్త మాదిరి.
ఫెడోరా ఆరు నెలలకొక కొత్త చీర అడిగింది.
పప్పీ చంటిది, గది నిండా గెంతులేసి
తెల్లారి లేస్తే నువ్వెవరంది.
ఆర్చ్ గురించి అడగొద్దు.
నల్ల తెర. ఒక తెల్ల గీత, మిణుకు మిణుకు.
తనంతట ఏమీ ఇవ్వదు, ఏం కావాలో చెప్పమంటాది.
మూడు రాత్రులు చెప్పినా. నాలుగోనాడు
అది లేచింది, నేను లేవలేదు.
కాటా కాడ ఆ నిద్రమత్తులో
నీలం బండిని తోతాపురి కింద రాసేసినా.

"అన్నీ ఒకటే కద, ఎందుకబ్బా మార్చేది?"
ఊరిబిండి నూరతా అడిగింది ధనకోటి.
ఒకటే. లోపలి టెంక ఒకటే.
దానిమీద ఎవురెవురో కట్టిన అంట్లు.
ఏ దేశమో, ఏం పేరో,
పనయి ఇంటికొచ్చి నా మాదిరే నిద్ర మానుకుని
ఒకడు కట్టిన కట్టు. రూపాయి అడగలేదు.
అది చెప్పబోతే ఆమెకు నవ్వొచ్చింది,
నాకెందుకో గొంతు పట్టుకుంది.

తప్పు జరిగింది ఆషాఢంలో.
ఒక్క అక్షరం. బీ కొట్టాల్సిన చోట ఏ.
పెన్‌డ్రైవ్ మీదికి పోవాల్సింది డిస్కు మీదికి పోయింది.
నిజమేనా అని కూడా అడగలేదది.
అడిగే అలవాటు లేదు దానికి, మనల్ని పెద్దోళ్లనుకుంటాది.
పోయినవి ఫోటోలయితే ఏడ్చి ఊరుకుందును.
నాలుగు సీజన్ల లెక్క పోయింది:
కాటా చూపిన తూకం ఒక గడిలో,
తరుగు తీసి చీటీలో రాయమన్న తూకం ఇంకో గడిలో,
పక్కన మనిషి పేరు.
చూపే ధైర్యం వచ్చినాక చూపుదామని
నాలుగేండ్లుగా దాచింది.

ఆ రాత్రే డెబియన్ ఎక్కించినా.
ముసలిది, దేనికీ తొందరపడదు.
గుర్తున్నంత వరకు మళ్లీ కొడదామని
ఖాళీ పేజీ తెరిస్తే
తెలుగు లేదు, వరసగా డబ్బాలు,
కాయ దించేసిన క్రేట్ల మాదిరి.
ఖతి వెతికి వేస్తే అక్షరాలొచ్చినాయి, వత్తు కుదరలేదు:
చి, త్, తూ, రు.
ఊరు నాలుగు ముక్కలై
మొహాలు చూసుకుంటా ఉండాయి.
ఒంటిగంట దాటినాక, ఏదో పొట్లం దించి,
తెర ఆర్పి మళ్లీ వేస్తే
త కింద తావత్తు
చంకెక్కిన బిడ్డ మాదిరి కూర్చోనుంది.

చిత్తూరు.

ధనకోటిని లేపి చూపించినా.
"మన ఊరే కద," అని అటు తిరిగి పండుకుంది.

చెంగల్రాయులు, పెనుమూరు. తరుగు మూడొందల ఇరవై కిలోలు.
మునెమ్మ, యాదమరి. రెండు బండ్లు, తరుగు ఐదొందల పది.
కన్నయ్య, ఐరాల.
తూకం గుర్తు రాలేదు. గడి ఖాళీగా వదిలినా.
రేపు బండి తోలుకొస్తే అడగాల.