ఇంజను వేడెక్కేలోపే

పాలకొల్లు నించి మా ఆసుపత్రికి ఆరున్నర కిలోమీటర్లు.
ఇంజను వేడెక్కేలోపే ఊరొచ్చేస్తుంది.
షోరూమువాడు లీటరుకి ఇరవై ఏడన్నాడు,
తెరమీద పద్నాలుగు దాటలేదు ఆషాఢమంతా.

చల్లటి ఇంజను, తెల్లారగట్ట లేపిన పిల్లాడు.
ముందు ఒళ్లు వెచ్చబడాలి వాడికి,
అందాకా ఎన్ని పాలు పోసినా
గటగటా తాగేసి గ్లాసు చాపుతాడు.

"బ్యాటరీ కారు కదండీ, ఇంకా పెట్రోలెందుకు?" అంటుంది సుగుణ,
వ్యాక్సిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని.
ఏం చెప్పను. సగం నేనే తాగుతున్నాను
కుడికాలి బొటనవేలితో.

లాకుల దగ్గర ఆగిపోయాం ఓ రోజు.
బాతుల మంద దాటుతోంది, వంతెనంతా వాటిదే.
లస్కరు నూకరాజు చక్రం తిప్పుతున్నాడు.
తలుపు జానెడు లేచింది. ఆపాడు.
బీడీ వెలిగించుకున్నాడు. మళ్లీ జానెడు.
తొందర లేదా అన్నాను అద్దం దించి.
"తొందర నీళ్లకుంటదండి, మనకెందుకు?
ఒక్కసారే ఎత్తేస్తే గట్టు కోసుకుపోద్ది,
శివారు చేలకేమో చుక్కుండదు."

ఆ మాట వెనక సీట్లో కూర్చుని
ఇంటిదాకా వచ్చింది.

మర్నాటి నించి ముందే కాలు తీసేస్తున్నాను,
మలుపు కనిపించాక కాదు, మలుపు గుర్తొచ్చినప్పుడే.
కారు తన బరువున తనే జారుతుంది కాలవ వెంట.
నీళ్లూ అటే, నేనూ అటే,
ఇద్దరికీ చప్పుడు లేదు.
బ్రేకు మీద మెత్తగా పాదం ఆనిస్తే
వృథాగా పోవలసిన ఊపు కాస్త
కొంగున ముడేసిన చిల్లరలా బ్యాటరీలో చేరుతుంది.

సార్వా ధాన్యం సగం రోడ్డున ఆరబోసి ఉంటుంది, చుట్టూ రాళ్లు.
ఎదురుగా ఐసునీళ్లు కార్చుకుంటూ రొయ్యల వ్యాను.
ఇదివరకైతే హారన్.
ఇప్పుడు ఆ రెంటి మధ్యా ఇరవైలో పోతాను,
ఇంజను నిద్ర లేవదు, గింజ ఎగరదు.

నెలకి రెండుసార్లు ఖాదర్ దగ్గర గాలి.
ఏసీ కట్టేస్తే సుగుణ తలనూనె, చేపల మేత,
కోసిన చేల పచ్చివాసన.
సాయంత్రం ఇంజను వెచ్చగా ఉండగానే
కూరలు, కరెంటు బిల్లు, అత్తయ్య కళ్లజోడు,
అన్నీ ఒక్క చుట్టులో.
కార్తీకం నాటికి ఇరవై రెండున్నర.
ఎవరికి చెప్పుకోను? సుగుణకే చెప్పాను. ఆయ్ అంది.

మొన్న అర్ధరాత్రి ఫోను.
చెరువు కాపలా కుర్రాడికి పాము కరిచింది,
మా దగ్గర మందు నిండుకుంది.
పెద్దాసుపత్రిలో పది సీసాలు తీసుకుని
ఐసు పెట్టె పక్కన పెట్టుకుని
పాదం నేలకి అంటేదాకా తొక్కాను.
మలుపులన్నీ గుర్తొచ్చాయి. ఒక్కదానికీ కాలు తియ్యలేదు.
ఇంజను అరుపు కాలవకి అటూ ఇటూ లైట్లు వేయించింది.

పొద్దున్న తెరమీద ఇంకా తొమ్మిదే ఉంది.
సుగుణ చూసింది, ఏమీ అనలేదు.
కుర్రాడు ఇడ్లీ అడిగాడట.

లాకుల దగ్గర నూకరాజు చెయ్యెత్తాడు.
బాతులింకా దూరంగానే ఉన్నాయి.
కాలు తీసేశాను.