నేలమాళిగలో కూడా ఆగుతుంది

ఇరవై రెండేళ్ళుగా నా ఉద్యోగం
పైకి, కిందికి.
లీమాలో ఇంత పెద్ద సర్కారు ఆసుపత్రిలో
నేను మోయని జబ్బు లేదు,
నాకు తెలిసిన మందు ఒక్కటీ లేదు.

ఏ అంతస్తు అని అడగక్కర్లేదు.
కొండల మీది ఊళ్ళ నుంచి రాత్రంతా బస్సులో వచ్చి
తెల్లారుజామున నాలుగింటికే
మంచుతుంపరలో చీటీల కోసం నిలబడ్డవాళ్ళు
ఊపిరి తీసే తీరులోనే చెప్పేస్తారు.
గుండె వాళ్ళు తలుపుకి దగ్గరగా నిలబడతారు.
మూత్రపిండాల వాళ్ళు వారానికి మూడుసార్లు ఎక్కీ ఎక్కీ
నా పిల్లల పరీక్షల తేదీలు కంఠతా పట్టారు.
కాలిన గాయాల వార్డు నర్సు ఎర్మెలిందా
డ్యూటీ దిగేటప్పుడు ఏమీ చెప్పదు.
మీట నేనే నొక్కుతాను.

నేలమాళిగ మీట మీద అక్షరం ఇంకా అరగలేదు.
దిగగానే ఎడమకి శవాల గది.
కుడికి తిరిగి, దుప్పట్లు ఉతికే ఆవిరి దాటి వెళ్తే
ఒదిలియా తాయ్‌పే.
ఆమె కళ్ళు చేస్తుంది.

డాక్టరు కాదు.
పళ్ళ సెట్లు కట్టే చోట పని నేర్చుకుంది,
అదే మైనం, అదే అచ్చు, అదే ప్లాస్టిక్కు.
మూడు వెంట్రుకల కుంచెతో గోధుమరంగు మీద గోధుమరంగు వేస్తుంది.
తెల్లగుడ్డు మీద నరాలకి
ఎర్రపట్టుదారం పోగులు విడదీసి అంటిస్తుంది,
ఊపిరి బిగబట్టి.
అప్పుడు తలుపు తట్టకూడదు.

సెర్రో దె పాస్కో గనిలో మందుగుండు
దోన్ సెవెరో కన్నొకటి తీసుకుపోయింది.
కొత్త కన్ను పెట్టుకుని అద్దంలో చూసి మూతి విరిచాడు.
'మరీ తెల్లగా ఉందమ్మా.
ఇది ఒక్కపూటైనా గనిలోకి దిగినట్టు లేదు.'
ఒదిలియా పసుపు కలిపింది, రెండు పోగులు ఎక్కువ పెట్టింది,
మూలన కాస్త మసి.
'ఆఁ,' అన్నాడు పైకి వస్తూ నాతో,
'ఇప్పుడు ఇద్దరం ఒకే షిఫ్టు.'

యాదిరా మొదటిసారి వచ్చినప్పుడు
తల్లి వీపున మూటలో ఉంది. రెండేళ్ళది.
ప్రాణం నిలబెట్టడానికి ఎనిమిదో అంతస్తు వాళ్ళు
కన్ను తీసేశారు.
తల్లి ఒక్కటే అడిగింది:
'ఇది ఏడుస్తుందా?'
'కన్నీళ్ళని మేం ముట్టుకోలేదు,' అంది ఒదిలియా,
'అవి పిల్లవే.'

పిల్ల ముఖం పెరిగితే కన్నూ పెరగాలి.
కంటి నడిమి నలుపుని పాప అని ఎవరన్నారో గాని,
ఈ పాపకి ఏటేటా ఇంకో పాపని పుట్టించాలి.
ముందు నా స్టూలు పట్టుకుని నిలబడేది,
తర్వాత నన్ను లేపి తనే కూర్చునేది,
మీటలన్నీ నొక్కి తిట్లు తినేది.
చిన్నవైపోయిన కళ్ళు అగ్గిపెట్టెలో దాచి
బళ్ళో చూపిస్తుందట,
ఒక్కో చూపుకి ఒక సోల్.
మొదటి బెంచీ వాళ్ళకి ఉచితం.

సమ్మె జరిగిన ఏడు రాలేదు. మరుసటేడూ రాలేదు.
ఒదిలియా అడగలేదు, నేనూ చెప్పలేదు.
ఆమె బల్ల సొరుగులో
ఎవరూ వచ్చి తీసుకోని కళ్ళు కొన్నున్నాయి.
అది తెరిచి ఉంటే నేను వాటివైపు చూడను.

పోయిన జూన్‌లో ఎక్కింది.
పొడుగైంది, పళ్ళకి తీగ,
తల్లి కంటే ముందు నడుస్తోంది.
బస్సు ఛార్జీ లేక రాలేదట, అంతే.

కింద పేచీ పెట్టిందట: చుక్క కావాలని.
పైరెప్ప కింద, ఎవరికీ కనపడని చోట,
పసుపుపచ్చని చుక్క.
లీమా ఆకాశంలో ఎటూ కనపడవు కదా, అందట.
ఒదిలియా ఫారం తిప్పి చూపించింది:
కొలత, రంగు, తేదీ, సంతకం.
చుక్కకి గడి లేదు.

తిరిగి ఎక్కాక తలుపులు మూసుకున్నాయి.
'ఎవరికీ చెప్పకు,' అని
తల పైకెత్తి, వేలితో రెప్ప లాగింది.

నాలుగో అంతస్తులో ఎవరో మీట నొక్కుతూనే ఉన్నారు.
నొక్కనీ అనుకున్నాను.